కంప్యూటర్ అనే ఉద్యోగం

అందరికీ నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఏదైనా ఒక ఇంగ్లీషు మాట తీసుకుని దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పమని నిర్వాహకులు అడిగారు. ఇంగ్లీషు రానివాళ్ల నోట కూడా రోజూ వినపడే మాట అయితే బాగుంటుందని ‘కంప్యూటర్’ ఎంచుకున్నాను. మన బజార్లో బోర్డులు చూడండి. కంప్యూటర్ జాతకం, కంప్యూటర్ కంటి పరీక్ష, కంప్యూటర్ ఎంబ్రాయిడరీ. బ్లౌజు మీద కుట్టు దగ్గర్నుంచి పెళ్లి పొంతన దాకా అన్నిటికీ ఈ మాట అతుక్కుంది.

మన దగ్గరికి వచ్చేసరికే అది యంత్రం పేరు. ఇంగ్లీషులో మాత్రం ఈ మాటకు నాలుగు వందల ఏళ్లు దాటాయి. అందులో మూడు వందల ఏళ్లకు పైగా కంప్యూటర్ అంటే మనిషి. లెక్కలు కట్టి జీతం తీసుకునే మనిషి. గుమస్తా, టైపిస్టు, కంపోజిటర్ అన్నట్టుగా అదొక కొలువు. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఆ కొలువు చేసినవాళ్ల గురించి. మాట యంత్రానికి వెళ్లిపోయింది, మంచిదే. కానీ ఆ మాటతో పాటు ఆ మనుషులు కూడా మన జ్ఞాపకంలోంచి వెళ్లిపోయారు. అది నాకు బాధగా ఉంటుంది.

ముందు మాట వేరు చూద్దాం. లాటిన్‌లో ‘పుతారే’ అని ఒక క్రియ ఉంది. కొమ్మలు కత్తిరించి చెట్టును బాగుచేయడం దాని పాత అర్థాల్లో ఒకటి. లెక్క సరిచూడటం, ఆలోచించడం అనే అర్థాలూ దానికే ఉన్నాయి. దానికి ముందు ‘కం’ చేరితే ‘కంపుతారే’. అంటే అన్నీ కలిపి లెక్కగట్టడం. ఈ వేరు నుంచి వచ్చిన మాటలు మనం రోజూ వాడుతూనే ఉన్నాం. డిప్యూటీ కలెక్టర్‌లోని డిప్యూటీ, ఆస్పత్రిలో కాలో చెయ్యో తీసేస్తే అనే యాంప్యుటేషన్, ఆస్తి గొడవల్లో వినపడే డిస్ప్యూట్, అన్నీ ఆ పుతారే పిల్లలే. కంపుతారే ఫ్రెంచి వాళ్ల నోట నలిగి ‘కౌంట్’ అయింది, దానిలోంచి అకౌంట్ వచ్చింది, కౌంటర్ వచ్చింది. కిరాణా కొట్టులో కౌంటర్, దాని మీద పెట్టిన కంప్యూటర్ ఒకే ఇంటి మాటలు.

మధ్యయుగాల యూరప్‌లో ‘కంప్యూటస్’ అని ఒక శాస్త్రమే ఉండేది. ఈస్టర్ పండుగ తేదీ కట్టడం దాని పని. వసంత విషువత్తు (మార్చిలో పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజు) తర్వాత వచ్చే పౌర్ణమి, ఆ పౌర్ణమి తర్వాత వచ్చే ఆదివారం ఈస్టర్. సూర్యుడి లెక్క, చంద్రుడి లెక్క, వారాల లెక్క మూడూ కలవాలి. ఇంగ్లండ్ ఉత్తర భాగంలో బీడ్ అనే సన్యాసి 725లో దీని మీద పెద్ద గ్రంథం రాశాడు. వేళ్ల మీద పెద్ద పెద్ద సంఖ్యలు ఎలా చూపించాలో అందులో ఒక అధ్యాయమే ఉంది. ఉగాదికి చంద్రుణ్ణి, సంక్రాంతికి సూర్యుణ్ణి పట్టుకునే మన పంచాంగకర్తలకు ఈ తిప్పలు కొత్త కాదు. పందొమ్మిదేళ్లకు సూర్యచంద్రుల లెక్క దాదాపు ఒకచోటికి వస్తుందని బీడ్ వాడుకున్నాడు. మనకు పందొమ్మిదేళ్లలో ఏడు అధికమాసాలు వచ్చేదీ ఆ కారణంగానే.

‘కంప్యూటర్’ అన్న రూపం ఇంగ్లీషు పుస్తకంలో మనకు తెలిసినంతలో మొదట కనపడేది 1613లో, రిచర్డ్ బ్రాత్‌వెయిట్ రాసిన పుస్తకంలో. అక్కడ దాని అర్థం కాలాన్ని లెక్కగట్టేవాడు అని. అప్పటికి అది ఇంకా ఉద్యోగం కాదు. దాన్ని ఉద్యోగం చేసింది ఆకాశం.

ఎడ్మండ్ హాలీ అనే ఇంగ్లీషు ఖగోళవేత్త, తాను 1682లో చూసిన తోకచుక్క మళ్లీ 1758 ప్రాంతంలో వస్తుందని చెప్పి చనిపోయాడు. వస్తుంది సరే, ఏ నెలలో? గురుడు, శని దాన్ని దారిలో అటూ ఇటూ లాగుతారు. ఆ లాగుడు ఎంతో డెబ్బై అయిదేళ్ల ప్రయాణం పొడుగునా అడుగడుగునా లెక్కగట్టాలి. పారిస్‌లో ముగ్గురు ఆ పనికి కూర్చున్నారు. క్లెరో అనే గణితవేత్త, లలాండ్ అనే ఖగోళవేత్త, గడియారాల తయారీదారు భార్య నికోల్-రెన్ లెపోత్. పొద్దున మొదలుపెడితే రాత్రి దాకా, ఒక్కోసారి అన్నం తింటూ కూడా లెక్కలు చేశామని లలాండ్ తర్వాత రాశాడు. ఆరు నెలల పని అది. 1758 నవంబరులో ఫలితం ప్రకటించారు. మరుసటి ఏడు ఏప్రిల్ నడుమ తోకచుక్క సూర్యుడికి అతి దగ్గరగా వస్తుంది, నెల అటూ ఇటూ కావచ్చు అన్నారు. 1759 మార్చి 13న వచ్చింది. మూడు కుర్చీలు, కాగితాలు, ఈక కలాలు, అంతే వాళ్ల సాధనాలు. ఆ లెక్కను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

కానీ క్లెరో తన పుస్తకం వేసినప్పుడు లెపోత్‌కు చెప్పిన కృతజ్ఞతలు తీసేశాడు. ఆమె లేకపోతే ఆ పని తలపెట్టే ధైర్యమే చేసేవాళ్లం కాదని లలాండ్ రాసి పెట్టబట్టి ఆమె సంగతి మనకు తెలిసింది. ఈ సంఘటన గుర్తుంచుకోండి. ఇలాంటిదే మన దేశంలోనూ జరిగింది, కాసేపట్లో చెబుతాను.

ఇంగ్లండ్‌లో 1767 నుంచి ‘నాటికల్ అల్మనాక్’ అనే వార్షిక పుస్తకం వస్తోంది. సముద్రం మీద ఓడ ఏ రేఖాంశం దగ్గర ఉందో చంద్రుణ్ణి బట్టి తెలుసుకోవడానికి పట్టికలు కావాలి. మాస్కెలిన్ అనే రాజ ఖగోళవేత్త ఆ పట్టికలు కట్టడానికి ఊరూరా మనుషుల్ని పెట్టాడు. వాళ్ల హోదా పేరే కంప్యూటర్. ఇంట్లో కూర్చుని లెక్కలు చేసి పోస్టులో పంపేవాళ్లు. మనం ఈ మధ్య నేర్చుకున్న వర్క్ ఫ్రమ్ హోమ్ వాళ్లకు అప్పుడే ఉంది. ఒకే లెక్కను ఇద్దరికి విడివిడిగా ఇచ్చేవాళ్లు. మూడో మనిషి రెండూ పోల్చి చూసేవాడు. 1770లో ఇద్దరు కంప్యూటర్లు ఒకరి లెక్క ఒకరు చూసి రాసి పట్టుబడ్డారు, ఉద్యోగం పోయింది. ఇద్దరి జవాబులో ఒకే తప్పు ఉంటే పోల్చేవాడికి తప్పు కనపడదు, ఓడ వెళ్లి రాతికి గుద్దుకుంటుంది. అంచేత అది చిన్న నేరం కాదు.

లడ్‌లో అనే ఊళ్లో జాన్ ఎడ్వర్డ్స్ అనే ఆయన పేరు మీద ఈ పని నడిచేది. 1784లో ఆయన పోయాక భార్య మేరీ ఎడ్వర్డ్స్ ముందుకు వచ్చి, ఆ లెక్కల్లో చాలా భాగం ఇన్నాళ్లూ చేస్తున్నది తానేనని చెప్పింది. మాస్కెలిన్ ఆమెకే పని కొనసాగించాడు. ఆ సంపాదనతో కుటుంబం నిలబడింది.

ఫ్రెంచి విప్లవం తర్వాత ప్రోనీ అనే ఇంజినీరు లాగరిథమ్ పట్టికలు తయారుచేయాల్సి వచ్చింది. మా తరం పరీక్ష హాల్లోకి తీసుకెళ్లిన లాగ్ టేబుల్స్ తాతముత్తాతలు అవి. ఆయన పనిని మూడు అంచెలు చేశాడు. పైన పేరున్న గణితవేత్తలు కొందరు. నడుమ సూత్రాల్ని అంకెలుగా మార్చేవాళ్లు. కింద అరవై, ఎనభై మంది దాకా కూడికలు, తీసివేతలు తప్ప ఏమీ అక్కర్లేనివాళ్లు. వీళ్లలో కొందరు ప్రభువుల జుట్లు దువ్వి బతికిన క్షురకులని, విప్లవంతో ఆ ప్రభువులు పోయి పని లేక ఇటు వచ్చారని అంటారు. పెద్ద లెక్కను ముక్కలు చేస్తే కింది ముక్క చేయడానికి గణితం అక్కర్లేదని ఇక్కడ తేలిపోయింది. గణితం అక్కర్లేకపోతే మనిషీ అక్కర్లేదు కదా అన్న ఆలోచన లండన్‌లో చార్లెస్ బాబేజ్ అనే గణితవేత్తకు వచ్చింది. 1821లో తప్పులతో నిండిన ఖగోళ పట్టికలు సరిచూస్తూ, ఈ లెక్కలు ఆవిరితో చేయిస్తే ఎంత బాగుండు అన్నాడట. అయితే ఆయన తన యంత్రాన్ని ‘ఇంజన్’ అన్నాడు. కంప్యూటర్ అనలేదు. కంప్యూటర్ అంటే అప్పటికి మనిషే కాబట్టి.

ఇక మన దేశానికి వద్దాం. 1802 ఏప్రిల్‌లో మద్రాసులో లాంబ్టన్ అనే సైనికాధికారి గొలుసు పరిచి ఒక సరళరేఖ కొలిచాడు. దాని మీద త్రిభుజం, ఆ త్రిభుజం మీద ఇంకో త్రిభుజం, అలా దేశమంతా అల్లుకుంటూ హిమాలయాల దాకా వెళ్లారు. అదే గ్రేట్ ట్రిగొనమెట్రికల్ సర్వే. లాంబ్టన్ దగ్గర పనిచేసిన జార్జ్ ఎవరెస్ట్ 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో సర్వే చేస్తూ మన్యం జ్వరంతో మంచాన పడ్డాడు. కోలుకోవడానికి ఆఫ్రికా చివర కేప్‌కు పంపాల్సి వచ్చింది. కొండ ఎక్కి థియోడొలైట్‌తో కోణం చూసే మనిషి చరిత్రలో కనిపిస్తాడు. ఆ కోణాన్ని దూరంగా, ఎత్తుగా మార్చే మనిషి గదిలో ఉంటాడు. సర్వే రికార్డుల్లో ఆ గదిలో మనిషి హోదా కంప్యూటర్.

1831లో ఆ ఉద్యోగంలో చేరాడు రాధానాథ్ సిక్దర్. కలకత్తా హిందూ కాలేజీ విద్యార్థి, ఇంకా ఇరవై నిండలేదు. యూరప్‌లో అప్పుడు నడుస్తున్న గణితం చదువుకున్నవాడు. కొన్నాళ్లకు ప్రధాన గణకుడయ్యాడు. ఇంగ్లీషులో చీఫ్ కంప్యూటర్.

హిమాలయాల్లో 15వ నంబరు ఇచ్చిన ఒక శిఖరం ఎత్తు కట్టాలి, కానీ నేపాల్ అప్పట్లో సర్వే వాళ్లను లోపలికి రానిచ్చేది కాదు. అందుకని నూట అరవై కిలోమీటర్లకు పైగా దూరం నుంచి, మైదానంలోని వేర్వేరు చోట్ల నుంచి 15వ శిఖరాన్ని చూశారు. అంత దూరం నుంచి చూస్తే వెలుగు తిన్నగా రాదు. గాలి పొరల్లో వంగుతుంది. ఆ వంపు పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉంటుంది. భూమి గుండ్రం కాబట్టి శిఖరం కొంత కిందికి దాక్కుంటుంది. వాటన్నిటికీ సవరణలు వేసి 1852 ప్రాంతంలో తేల్చిన ఎత్తు 29,002 అడుగులు. మీటర్లలో 8,840. 1856లో ప్రపంచానికి ప్రకటించారు. ఉపగ్రహాల సాయంతో కొలిచి 2020లో చెప్పిన ఎత్తు 8,848.86 మీటర్లు. తేడా దాదాపు తొమ్మిది మీటర్లే! ఆ లెక్కలో సిక్దర్ వాటా ఎంత, మిగతావాళ్ల వాటా ఎంత అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. పరుగెత్తుకొచ్చి ‘అతి ఎత్తైన శిఖరం కనిపెట్టాను’ అన్నాడన్న కథను నేను చెప్పను, అది కథే. కానీ అలాంటి సవరణల పద్ధతిలో ఆయన దిట్ట అనడంలో ఎవరికీ పేచీ లేదు. శిఖరానికి 1865లో ఎవరెస్ట్ పేరు పెట్టారు.

సిక్దర్ లెక్కల మనిషి మాత్రమే కాదు. సర్వే కూలీల చేత ఒక మేజిస్ట్రేటు వెట్టి చేయించుకుంటుంటే 1843లో అడ్డుపడ్డాడు. దానికి కోర్టు ఆయనకే రెండు వందల రూపాయల జరిమానా వేసింది.

1851లో అచ్చయిన సర్వే పాఠ్యగ్రంథంలో సాంకేతిక అధ్యాయాలు ఆయనవి. ముందుమాటలో ఆ మాట స్పష్టంగా ఉంది. 1870లో ఆయన చనిపోయాడు. 1875లో మూడో ముద్రణ వచ్చేసరికి ముందుమాటలో ఆయన పేరు లేదు. అధ్యాయాలు అలాగే ఉన్నాయి, పేరు పోయింది. ఇది చనిపోయినవాణ్ణి దోచుకోవడమేనని అప్పటి ‘ఫ్రెండ్ ఆఫ్ ఇండియా’ పత్రిక దుమ్మెత్తి పోసింది. పారిస్‌లో లెపోత్‌కు జరిగిందే నూరేళ్ల తర్వాత ఇక్కడా జరిగింది. 2004లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. సంతోషం. కానీ ఈ హాల్లో ఎంతమంది ఆయన పేరు ఇంతకుముందు విన్నారు? చేతులెత్తండి. చూశారుగా.

హైదరాబాదులోనూ ఈ పని జరిగింది. నవాబ్ జాఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో వేధశాల పెట్టాడు. 1908లో అది నిజాం ప్రభుత్వానికి వచ్చింది, బేగంపేటకు మారింది. అదే నిజామియా అబ్జర్వేటరీ. ఆకాశం మొత్తాన్ని ఫొటోలు తీసి నక్షత్రాల స్థానాలు నమోదు చేయాలని 1887లో పారిస్‌లో నిర్ణయించి, ఆకాశాన్ని అడ్డ పట్టీలుగా కోసి ప్రపంచంలోని వేధశాలలకు పంచారు. దక్షిణాకాశంలో మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ హైదరాబాదు చేతికి వచ్చింది. గాజు పలక మీద ఆవగింజంత చుక్కను భూతద్దం కింద పెట్టి కొలిచి, ఆ కొలతను లెక్కగట్టి ఆకాశంలో దాని చోటు రాయాలి. అలా లక్షల నక్షత్రాలు. కూడికైనా గుణకారమైనా మనుషులే చేశారు. దశాబ్దాలు పట్టింది. సంపుటాలు సంపుటాలుగా అచ్చు వేశారు. చాట్‌వుడ్, పోకాక్, టి.పి. భాస్కరన్ అని డైరెక్టర్ల పేర్లు పుస్తకాల్లో దొరుకుతాయి. బల్ల దగ్గర కూర్చున్నవాళ్లవి వెతుక్కోవాలి.

అదే కాలంలో అమెరికాలో హార్వర్డ్ వేధశాలలో ఈ పనికి ఆడవాళ్లను పెట్టారు. గంటకు పాతిక, ముప్పై సెంట్లు. వాళ్లలో కొన్ని నక్షత్రాల మెరుపుకీ, వాటి వెలుగు పెరిగి తగ్గే కాలానికీ ఉన్న సంబంధాన్ని హెన్రియెటా లెవిట్ 1912లో ప్రకటించడం వల్లే తర్వాత గెలాక్సీల దూరాలు కొలవగలిగారు. ఆమె మీద విడిగా ఒక రోజంతా మాట్లాడవచ్చు.

మరి మాట మనిషి నుంచి యంత్రానికి ఎప్పుడు మారింది? దీనికి రెండు వ్యాసాలు సాక్ష్యం. రెండూ అలన్ ట్యూరింగ్ అనే ఇంగ్లీషు గణితవేత్త రాసినవే. 1936లో రాసిన గణిత వ్యాసంలో ‘ది కంప్యూటర్’ అంటూ వెంటనే ‘హి’ అంటాడు. కాగితం ముందు కూర్చున్న మనిషి ఒక గుర్తు చూస్తాడు, తన మనఃస్థితిని బట్టి తర్వాతి గుర్తు వేస్తాడు అని వర్ణిస్తాడు. 1950లో రాసిన వ్యాసంలో డిజిటల్ కంప్యూటర్ అంటే ఏమిటో చెబుతూ, ‘హ్యూమన్ కంప్యూటర్’ చేయగల పనులన్నీ చేసే యంత్రం అంటాడు. పద్నాలుగేళ్లలో మనిషికి ముందు ‘హ్యూమన్’ అని విశేషణం తగిలించాల్సి వచ్చింది.

ఆ పద్నాలుగేళ్ల నడుమ యుద్ధం ఉంది. ఫిరంగి గుండు ఏ కోణంలో పేలిస్తే ఎక్కడ పడుతుందో సైన్యానికి పట్టికలు కావాలి. ఒక్క గుండు ప్రయాణం లెక్కగట్టడానికి ఒక మనిషికి రోజంతా కూర్చున్నా సరిపోయేది కాదు. ఫిలడెల్ఫియాలో వందల మంది అమ్మాయిలు ఈ పని చేశారు. వెయ్యి గంటల లెక్క పనికి ‘కిలోగర్ల్’ అని కొలత కూడా వాడారు, కిలోవాట్ అన్నట్టు. చదివినప్పుడు కోపం వచ్చింది నాకు. అక్కడే ఎనియాక్ అనే ఎలక్ట్రానిక్ లెక్కల యంత్రం తయారైంది. పద్దెనిమిది వేల దాకా వాల్వులు, ముప్పై టన్నుల బరువు. గుండు కింద పడేలోపు దాని లెక్క తేల్చేసేది. ఎనియాక్ పేరులో చివరి అక్షరం కంప్యూటర్‌దే. దాన్ని నడిపించడానికి కంప్యూటర్లుగా పనిచేస్తున్న ఆరుగురు అమ్మాయిల్ని ఎంపిక చేశారు. కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సెస్ బైలస్, రూత్ లిక్టర్‌మన్. పుస్తకం లేదు, నేర్పేవాళ్లు లేరు. యంత్రం బొమ్మలు చూసి నేర్చుకున్నారు. 1946 ఫిబ్రవరిలో ప్రదర్శన పెట్టినప్పుడు చేసి చూపించిన లెక్కను సిద్ధం చేసింది వాళ్లే. ఆ రాత్రి విందుకు మాత్రం వాళ్లను పిలవలేదు.

అప్పుడే జార్జ్ స్టిబిట్జ్ అనే ఇంజినీరు ఒక ప్రతిపాదన రాశాడు. ఇకపై యంత్రాన్ని కంప్యూటర్ అందాం, దగ్గర ఉండే మనిషిని ‘ఆపరేటర్’ అందాం, లేకపోతే గందరగోళం అవుతుంది అని. మన మండల ఆఫీసుల్లో, మీ సేవ కేంద్రాల్లో ‘కంప్యూటర్ ఆపరేటర్’ అంటున్నామే, ఆ విభజన అక్కడిది.

మనుషులు వెంటనే పోలేదు. వర్జీనియాలోని లాంగ్లీ ప్రయోగశాలలో విమానాల మీద, తర్వాత రాకెట్ల మీద లెక్కలు చేసిన ఆడవాళ్ల హోదా 1950ల్లోనూ కంప్యూటరే. నల్లజాతి వాళ్లను వేరే భవనంలో కూర్చోబెట్టారు. భోజనశాలలో వాళ్ల బల్ల మీద ‘కలర్డ్ కంప్యూటర్స్’ అని అట్ట పెట్టేవాళ్లు. మిరియం మాన్ అనే ఉద్యోగిని ఆ అట్ట తీసి సంచిలో వేసుకునేది. మళ్లీ పెట్టేవాళ్లు, మళ్లీ తీసేది. చివరికి పెట్టడం మానేశారు. ఇప్పటి పిల్లలు ఆ అట్ట చూస్తే రంగు తెర ఉన్న యంత్రం అనుకుంటారు. 1962లో జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరగడానికి వెళ్లేముందు, యంత్రం ఇచ్చిన అంకెల్ని ఆ అమ్మాయి చేత ఒకసారి చూడమనండి అన్నాడు. ఆ అమ్మాయి కాథరిన్ జాన్సన్. యంత్రం చేసిన లెక్కను చేతి యంత్రంతో మళ్లీ చేసి సరిపోయిందని చెప్పాకే ఆయన బయల్దేరాడు.

మన దగ్గర 1969లో హైదరాబాదులోని ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ నుంచి టీడీసీ-12 అనే యంత్రం వచ్చేనాటికి మాట పూర్తిగా యంత్రానిది అయిపోయింది. గణితంలో దిట్ట అయిన శకుంతలా దేవిని ‘హ్యూమన్ కంప్యూటర్’ అని పొగిడారు. 1980లో లండన్‌లో రెండు పదమూడంకెల సంఖ్యల్ని 28 సెకన్లలో గుణించిందామె. ఒకప్పుడు మామూలు జీతగాళ్ల పేరు మనిషికి బిరుదైంది.

ఇక్కడ ఉస్మానియాలో చదువుతున్న పిల్లలు కొందరున్నారు. నిజామియా అబ్జర్వేటరీ 1919 నుంచి మీ విశ్వవిద్యాలయానిదే. ఆ నక్షత్ర సంపుటాలు లైబ్రరీలో ఉంటే తీయించండి. అంకెల పట్టికలు వదిలేయండి, ముందుమాటలు చదవండి. కొలతలు, లెక్కలు చేసిన సహాయకుల పేర్లు ఎక్కడైనా ఉంటే రాసుకోండి. జీతాల రిజిస్టర్లు, వార్షిక నివేదికలు కూడా చూడండి. హార్వర్డ్‌లో ఆ ఆడవాళ్ల నోటు పుస్తకాలను స్కాన్ చేసి, ఆసక్తి ఉన్న మామూలు జనం చేత ఇంటర్నెట్‌లో ఎక్కించే పని చేపట్టారు. మన దగ్గర మీరు పదిమంది కలిసినా చాలు. దొరికిన పేర్లతో తెలుగు వికీపీడియాలో రాయండి, నా చేతనైన సాయం చేస్తాను. వెనక వరుసలో ఒక అమ్మాయి ఇందాకట్నుంచి చెయ్యి ఎత్తుతోంది. మైకు అటు ఇవ్వండి.